పిల్లల చేతుల మీద గరుకు బొడిపెలు: ఇంట్లో ఎలా చూసుకోవాలి

కార్తీక మాసం దాటి ఉదయపు చలి మొదలయ్యే సరికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తల్లులు, అమ్మమ్మలు ఒకే విషయం అడగడం మొదలుపెడతారు. బిడ్డ భుజం కింద, జబ్బల వెనుక వైపున, తొడల మీద సన్నని గింజల్లాంటి బొడిపెలు వచ్చాయని, చేయి వేస్తే గరుకుగా తగులుతోందని, నలుగు పెట్టి ఎంత రుద్దినా పోవడం లేదని చెబుతారు. ఇది అంటుకుంటుందా, రక్తంలో ఏదైనా దోషమా, ఏ పూత రాయాలి అని అడుగుతారు. ఆ ప్రశ్నలకు సమాధానాన్ని వరుస క్రమంలో ఇక్కడ రాస్తున్నాను.

వైద్యులు దీనిని కెరటోసిస్ పైలారిస్ అంటారు. చర్మం పై పొరలో ఉండే కెరటిన్ అనే పదార్థం వెంట్రుక మొదట్లో పేరుకొని చిన్న బిరడాగా గట్టిపడుతుంది. ఒక్కొక్క బొడిపె అలాంటి ఒక్కొక్క బిరడా. ఈకలు పీకిన కోడి చర్మంలా కనిపించే ఈ స్థితి ఎవరికీ అంటుకోదు, మురికి వల్ల రాదు, లోపలి అవయవాలకు ఏ హానీ చేయదు. చాలా ఇళ్లలో తల్లికో తండ్రికో కూడా చిన్నప్పుడు ఇదే ఉండి ఉంటుంది. పొడి చర్మం, ఉబ్బసం, ఎగ్జిమా (దురదతో చర్మం ఎర్రబడి పొడిబారే వ్యాధి) ఉన్న కుటుంబాల పిల్లల్లో మరింత ఎక్కువగా కనిపిస్తుంది. యుక్తవయసులో కొంత పెరిగి, పెద్దయ్యాక చాలామందిలో తగ్గుతుంది. పూర్తిగా పోగొట్టే మందు లేదు. అయితే గరుకుతనాన్ని బాగా తగ్గించి అదుపులో ఉంచడం ఇంట్లోనే సాధ్యం. ఈ మాట మొదటే చెప్పడానికి కారణం ఉంది. పోగొట్టాలన్న పట్టుదలతోనే చాలామంది బిడ్డ చర్మాన్ని పుండు చేస్తున్నారు.

కావలసినవి

- సువాసన లేని, మృదువైన సబ్బు లేదా ఒళ్లు కడుక్కొనే ద్రవం. గ్లిజరిన్ సబ్బు కూడా చాలామంది పిల్లలకు సరిపోతుంది.
- సువాసన లేని చిక్కని తేమ క్రీము, లేదా తెల్లని పెట్రోలియం జెల్లీ.
- రెండేళ్లు నిండిన పిల్లలకు, అవసరమైతే, 5 నుంచి 10 శాతం యూరియా ఉన్న క్రీము. మందుల షాపులో దొరుకుతుంది. ట్యూబు మీద శాతం ఎంతో చదివి, వయసు చెప్పి తీసుకోండి.
- మెత్తని పాత నూలు తువ్వాలు.
- ఫోటో తీయడానికి ఫోను.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. పొలానికి చల్లే యూరియా బస్తా ఇంట్లో ఉన్నవారు దానినే నీళ్లలో కలిపి పూయవచ్చా అని అడుగుతుంటారు. ఎంత మాత్రం చేయకూడదు. మందుగా వాడే యూరియా శుద్ధి చేసినది, కొలత ప్రకారం క్రీములో కలిపినది. ఎరువులో చర్మానికి పనికిరాని ఇతర పదార్థాలు ఉంటాయి, ఎంత గాఢతలో కలిపామో కూడా మనకు తెలియదు.

1. ముందు ఇది అదేనా అని చూడండి

పగటి వెలుగులో, కిటికీ పక్కన బిడ్డను నిలబెట్టి చూడండి. బొడిపెలు ఆవగింజ కంటే చిన్నవిగా, దాదాపు ఒకే పరిమాణంలో, ఒక్కొక్క వెంట్రుక మొదట్లో ఒక్కొక్కటిగా ఉండాలి. రెండు చేతులకూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. జబ్బల వెనుక భాగం, తొడల ముందు భాగం, పిరుదులు, చిన్నపిల్లల్లో బుగ్గలు దీనికి అలవాటైన చోట్లు. దురద ఉండదు, ఉన్నా కొద్దిగా ఉంటుంది; నొప్పి ఉండదు.

పైకి ఇలాగే కనిపించి వేరే వైద్యం కావలసినవి కొన్ని ఉన్నాయి. వాటిని తప్పక పక్కకు తీయాలి.

రాత్రిళ్లు నిద్ర పట్టనంత దురద ఉండి, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ పొక్కులు ఉండి, ఇంట్లో ఇంకెవరైనా గోకుతుంటే అది గజ్జి కావచ్చు. దానికి ఇంటిల్లిపాదికీ ఒకేసారి మందు వాడాలి, క్రీములతో కాలం గడపకూడదు. ముత్యంలా మెరుస్తూ, నడిమధ్యలో చిన్న గుంట ఉన్న బొడిపెలు వైరస్ వల్ల వచ్చేవి. వాటిని గిల్లితే పక్కకు పాకుతాయి. వైశాఖం ఎండల్లో మెడ మీద, ఛాతీ మీద వచ్చి, గాలి తగిలితే తగ్గిపోయేవి చెమటకాయలు. గుండ్రంగా అంచు కట్టి విస్తరించేది తామర.

అన్నింటికంటే జాగ్రత్తగా చూడవలసినది మరొకటి ఉంది. మోచేతుల మీద, మోకాళ్ల మీద పెద్దవిగా, ముళ్లలా గట్టిగా బొడిపెలు ఉండి, బిడ్డ సన్నగా ఉండి, సాయంత్రం చీకటి పడగానే తడుముకుంటూ నడుస్తుంటే అది పోషకాహార లోపం, ముఖ్యంగా విటమిన్ ఎ లోపం కావచ్చు. రేచీకటి అనుమానం వస్తే ఆ వారంలోనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి, ఎందుకంటే ఆలస్యమైతే కంటికి ప్రమాదం. తొమ్మిదవ నెలలో లక్ష యూనిట్లు, ఆ తరువాత ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్ల చొప్పున ఐదేళ్లు వచ్చే వరకు విటమిన్ ఎ ద్రావణం పోస్తారు. మీ బిడ్డ టీకాల కార్డులో అవి పడ్డాయో లేదో ఊరి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్‌ఎమ్) దగ్గర చూసుకోండి. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడి పండు వంటివి పెట్టడం మంచిదే. విటమిన్ ఎ మాత్రలు మాత్రం మీ అంతట మీరు కొని వేయకండి. ఆ విటమిన్ శరీరంలో నిల్వ ఉండిపోతుంది, మోతాదు మించితే కాలేయానికి హాని చేస్తుంది.

2. స్నానం పద్ధతి మార్చండి

సగం పని ఇక్కడే ఉంది. చలికాలంలో పొయ్యి మీద కాగిన నీళ్లను పొగలు కక్కుతుండగానే పోయడం మన ఇళ్లలో అలవాటు. ఆ వేడికి చర్మంలోని సహజమైన నూనె కొట్టుకుపోయి, ఒళ్లు ఇంకా పొడిబారి, బొడిపెలు మరింత పైకి లేస్తాయి. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. మీ మోచేతి లోపలి వైపు పోసుకుంటే వేడిగానూ చల్లగానూ అనిపించకూడదు. స్నానం ఐదు నుంచి పది నిమిషాల్లో ముగించండి. సబ్బును చంకలు, గజ్జలు, పాదాలు వంటి అవసరమైన చోట్లకే పరిమితం చేసి, బొడిపెలున్న చోట ఊరికే నీళ్లు పోయండి.

బోరు నీరు బాగా కఠినంగా ఉన్న ఊళ్లలో సబ్బు నురగ రాక ఎక్కువ రుద్దుతారు, ఆ సబ్బు సరిగా వదలక ఒంటి మీద తెల్లని పొరగా మిగులుతుంది. అలాంటి చోట సబ్బు తగ్గించి, ఆఖరి రెండు చెంబులు మాత్రం మంచినీళ్లు పోస్తే చాలు. స్నానమంతా మంచినీళ్లతో చేయించనక్కరలేదు.

తరువాత తువ్వాలుతో అద్దండి, రుద్దకండి. చర్మం మీద కొద్దిగా తడి మిగిలి ఉండాలి.

నలుగు సంగతి పెద్దవారికి సర్దిచెప్పడం కష్టమని నాకు తెలుసు. భోగి నాడు తలంటి, నలుగు పెట్టే ఆనవాయితీని మానమని నేను చెప్పను. ఒంటికి నువ్వుల నూనె రాసి, సున్నిపిండిని నీళ్లతో పలుచగా కలిపి అరచేత్తో మెల్లగా రాసి కడిగేస్తే పండగా జరుగుతుంది, చర్మమూ బాగుంటుంది. బొడిపెలున్న చోట పిండి ఎండిపోయే దాకా ఉంచి, ఉండలు కట్టేలా నలిచి తీయడమే హాని చేసేది.

3. తడి ఆరకముందే క్రీము రాయండి

స్నానం అయిన మూడు నిమిషాల లోపు తేమ క్రీము రాయాలి. గదిలోకి వెళ్లి, బట్టలు వెతికి, జడ వేసిన తరువాత రాస్తే చర్మంలో నిలుపుకోవలసిన తేమ అప్పటికే గాలిలో కలిసిపోయి ఉంటుంది. అందువల్ల క్రీము డబ్బాను స్నానాల గది దగ్గరే, తడి తగలని గూట్లో ఉంచండి.

ఎంత రాయాలన్నది చాలామందికి తెలియదు. ట్యూబు నుంచి చూపుడువేలి కొన మొదలు మొదటి గీత వరకు పిండితే వచ్చే క్రీము, పెద్దవారి రెండు అరచేతులంత వైశాల్యానికి సరిపోతుంది. ఆ లెక్కన బిడ్డ ఒక్కొక్క జబ్బకు ఒక్కొక్క వేలికొన ఉంటే ధారాళంగా సరిపోతుంది. వెంట్రుకలు మొలిచిన దిశలోనే, పై నుంచి కిందికి రాయండి. ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి చాలు.

క్రీము కొనే వీలు లేని ఇంట్లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి వచ్చే స్వచ్ఛమైన కొబ్బరి నూనె వాడవచ్చు. తడి చర్మం మీద పలుచగా రాస్తే ఆ తేమను లోపలే పట్టి ఉంచుతుంది. అది ఒక్కటే బిరడాలను కరిగించదు గనుక ఫలితం నెమ్మదిగా ఉంటుందని గుర్తుంచుకోండి. మొటిమలు మొదలైన పిల్లల ముఖానికి కొబ్బరి నూనె వద్దు. ఆవనూనె అసలే వద్దు. పొడిబారిన చర్మాన్ని అది మండిస్తుంది. కొబ్బరి నూనెలో కర్పూరం కలిపి రాసే అలవాటు ఉంటే దానిని కూడా మానండి. కర్పూరం చిన్నపిల్లల కడుపులోకి కొద్దిగా పోయినా మూర్ఛ తెప్పించగలదు, చర్మం ద్వారా కూడా ఒంట్లోకి చేరుతుంది.

4. అవసరమైతే యూరియా క్రీము మొదలుపెట్టండి

మూడు, నాలుగు వారాలు పై రెండు పనులూ సక్రమంగా చేసినా గరుకు తగ్గకపోతే అప్పుడు ఈ మెట్టుకు రండి. మొదటి రోజే యూరియాతో మొదలుపెట్టిన వారిలో చాలామంది, బిడ్డ మంటతో ఏడ్చిందని మానేస్తారు. అప్పటికే పొడిబారి పగిలిన చర్మం మీద రాయడమే ఆ మంటకు ముఖ్య కారణం. ముందు తేమ క్రీముతో చర్మాన్ని కుదుటపరిస్తే ఈ కష్టం చాలావరకు తప్పుతుంది.

ముంజేతి లోపలి వైపున రూపాయి బిళ్లంత చోట రాత్రి రాసి చూడండి. వరుసగా రెండు, మూడు రాత్రులు అలా చేసినా ఎర్రబడకుండా, మంట లేకుండా ఉంటే బొడిపెలున్న చోట వాడవచ్చు. మొదట రోజు విడిచి రోజు రాత్రి, వారం గడిచాక ప్రతి రాత్రి రాయండి. ఉదయం మామూలు తేమ క్రీమే సరిపోతుంది.

కొన్ని నిబంధనలు తప్పక పాటించాలి. ముఖానికి, కళ్ల దగ్గర, గీరుకుపోయిన చోట, పుండు మీద యూరియా క్రీము రాయవద్దు. రెండేళ్లు నిండని బిడ్డకు మామూలు తేమ క్రీము తప్ప మరేదీ వద్దు. లాక్టిక్ ఆమ్లం ఉన్న లోషన్లు కూడా ఇదే పని చేస్తాయి గాని, అవి చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తాయి. వాడితే రాత్రి వాడి, పగలు పొడుగు చేతుల చొక్కా తొడగండి. సాలిసిలిక్ ఆమ్లం ఉన్నవి వైద్యుడు చెప్పకుండా పిల్లలకు రాయకండి, ఎక్కువ వైశాల్యంలో రాసినప్పుడు అది రక్తంలోకి చేరుతుంది.

5. బట్టలు, చలిమంట

ఉన్ని స్వెట్టరు నేరుగా ఒంటికి తగలకుండా లోపల పలుచని నూలు చొక్కా వేయండి. బిగుతైన చేతులున్న యూనిఫాం రోజంతా అదే చోట ఒరుసుకుంటుంది, కుట్టు విప్పి కొంచెం వదులు చేయిస్తే మేలు.

ఇక ప్రమాదం సంగతి. పెట్రోలియం జెల్లీ, నూనె, చిక్కని క్రీములు బట్టలకు అంటుకొని ఎండిపోతాయి. అలాంటి బట్టకు నిప్పు తగిలితే మామూలు బట్ట కంటే త్వరగా, ఎక్కువగా మండుతుంది. ఉతికినా ఆ జిడ్డు పూర్తిగా పోదు. పూత రాసిన పిల్లలను తెల్లవారుజామున చలిమంట దగ్గర, భోగి మంట దగ్గర కూర్చోబెట్టకండి, కట్టెల పొయ్యి దగ్గరకు రానివ్వకండి. క్రీము రాసే వేళకు వేసే బట్టలను విడిగా ఉంచి తరచుగా ఉతకండి.

తరచుగా జరిగే పొరపాట్లు

గిల్లడం మొదటిది. పెద్దవారే బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకొని గోటితో నొక్కి, లోపలి తెల్లని పీచును బయటకు తీస్తారు. బిరడా మళ్లీ వస్తుంది, గిల్లిన చోట నల్ల మచ్చ నెలల తరబడి ఉంటుంది, కొన్నిసార్లు చీము పడుతుంది. పిల్లల గోళ్లు వారానికొకసారి కత్తిరించండి.

బీర పీచుతో, రాయితో రుద్దడం రెండవది. రుద్దిన రోజు నున్నగా అనిపించి, మూడు రోజులకు ముందు కంటే గరుకుగా మారడం చూసి, ఇంకా గట్టిగా రుద్దాలని అనుకుంటారు. నిజానికి ఒరిపిడికి చర్మం తనను కాపాడుకోవడానికి మరింత మందమవుతుంది. నిమ్మరసం పూయడమూ ఇటువంటిదే. అది పూసిన చోట ఎండ తగిలితే కాలినట్లు బొబ్బలెక్కి నల్లబడవచ్చు.

మూడవది అన్నింటికంటే హానికరమైనది. తెలిసిన షాపులో పొక్కులకు ఏదైనా ఇవ్వమని అడిగి, తామరకూ దురదకూ కలిపి పనిచేస్తుందన్న ట్యూబును తెచ్చి నెలల తరబడి రాయడం. అలాంటి వాటిలో చాలావాటిలో బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటి బలమైన స్టెరాయిడ్లు ఉంటాయి. రాసిన వారానికి ఎరుపు తగ్గి మందు బాగా పనిచేసిందనిపిస్తుంది. కొనసాగిస్తే చర్మం పలచబడుతుంది, చారలు పడతాయి, మానగానే ఎరుపు రెట్టింపై తిరిగి వస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి స్టెరాయిడ్ పూతలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని నోటిఫికేషన్ ఇచ్చింది. మీ ఇంట్లో ఉన్న ట్యూబు మీద ఆ పేర్లలో ఏదైనా ఉంటే ఈ బొడిపెలకు రాయకండి. ఇప్పటికే చాలా కాలంగా రాస్తూ ఉంటే ఎలా ఆపాలో వైద్యుడిని అడిగి ఆపండి.

పత్యం పెట్టి గుడ్డు, చేప, వంకాయ మాన్పించడం కూడా చూస్తుంటాను. ఈ బొడిపెలకూ ఆ తిండికీ సంబంధం లేదు. పెరిగే బిడ్డకు అవి అవసరం.

ఫలితం ఎలా చూసుకోవాలి

రోజూ చూసుకుంటే మార్పు తెలియదు. మొదటి రోజు ఒక ఫోటో తీయండి. ఆ తరువాత రెండు వారాలకొకసారి అదే కిటికీ దగ్గర, అదే సమయానికి, ఫ్లాష్ లేకుండా తీసి పోల్చండి. ఫోటో కంటే చేయి మంచి సాక్షి. కళ్లు మూసుకొని బిడ్డ జబ్బను పై నుంచి కిందికి వేళ్లతో తడిమి చూడండి. మొదట తగ్గేది గరుకుతనం, దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చుట్టూ ఉన్న ఎరుపు తరువాత తగ్గుతుంది. పాత నల్ల మచ్చలు అన్నింటికంటే ఆలస్యంగా, నెలల మీద మాసిపోతాయి. మచ్చలు ఉన్నాయి గనుక పూత పనిచేయలేదని నిర్ణయించకండి.

నున్నబడిన తరువాత యూరియా క్రీమును వారానికి రెండు, మూడు రాత్రులకు తగ్గించండి, తేమ క్రీమును మాత్రం రోజూ కొనసాగించండి. పూర్తిగా మానేస్తే కొన్ని వారాలకు మళ్లీ వస్తుంది, అది మందు వికటించడం కాదు. మన తీరప్రాంతపు వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ గనుక చాలామంది పిల్లలకు పూత తగ్గించినా సరిపోతుంది; దీపావళి నాటికి తిరిగి పూర్తి పద్ధతికి రావాలి.

మంట పుట్టి ఎర్రబడితే పూతను వారం రోజులు ఆపి, పెట్రోలియం జెల్లీ మాత్రమే రాసి, చర్మం కుదుటపడ్డాక తక్కువ శాతంతో మొదలుపెట్టండి.

బడిలో, హాస్టల్లో

ఎండలో కూడా చొక్కా చేతులు కిందికి లాక్కుంటూ, ఈతకు రానని, ఆటలకు రానని అనే పిల్ల సిగ్గుతో అలా చేస్తూ ఉండవచ్చు. బిడ్డ ఎదుట ‘ఈ పిల్లకి ఒంటి మీద ఇదేటి’ అని వచ్చినవారందరికీ చూపించడం దయచేసి ఆపండి. ఎవరైనా అడిగితే ఏమి చెప్పాలో బిడ్డకు నేర్పండి: ‘నా చర్మం పొడిగా ఉంటుంది, ఇది ఎవరికీ అంటుకోదు.’ ఆ రెండు మాటలు చాలు. గురుకులంలోనో సంక్షేమ హాస్టల్లోనో ఉండే పిల్లలను అంటువ్యాధి అన్న అనుమానంతో విడిగా పడుకోబెడితే, వైద్యుడి చీటీ మీద ఇది అంటుకునేది కాదని రాయించి వార్డెనుకు ఇవ్వండి. క్రీము డబ్బా మీద పేరు రాసి, రాత్రి పూత బిడ్డ తనంతట తాను రాసుకునేలా సెలవుల్లోనే అలవాటు చేయించండి.

ఎప్పుడు వైద్యుని దగ్గరకు వెళ్లాలి

చీము, నొప్పి, జ్వరం ఉంటే, ఎరుపు పక్కకు పాకుతుంటే ఆ రోజే వెళ్లండి. దురదతో నిద్ర లేకపోయినా, కనుబొమలు పలచబడుతున్నా, బుగ్గల మీద ఎరుపు గాఢంగా ఉన్నా, ఒంటి మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఏదైనా కనిపించినా చూపించండి. పన్నెండు వారాలు సక్రమంగా పాటించినా మార్పు లేకపోతే చర్మవ్యాధుల వైద్యుడిని కలవాలి. ముందు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించి, అక్కడి నుంచి శ్రీకాకుళం రిమ్స్‌కో విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లవచ్చు. బయలుదేరే ముందు చర్మ విభాగం ఓపీ ఏ రోజుల్లో, ఏ వేళల్లో ఉంటుందో కనుక్కోండి. ఇప్పటి వరకు రాసిన ప్రతి ట్యూబును, ఖాళీ అయినా సరే, సంచిలో వేసుకొని తీసుకువెళ్లండి, ఫోనులోని ఫోటోలు తేదీల వరుసలో చూపించండి. ఆ రోజు ఉదయం బిడ్డ చేతులకు ఏ పూతా రాయకండి.